నలభై పైసల జిరాక్స్‌... నాలుగున్నరేళ్ల కేసు!

పుస్తకం రాసినవాడిదా, అచ్చేసినవాడిదా, చదువుకునేవాడిదా? ఢిల్లీలోని ఓ జిరాక్స్‌ షాపు ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు గడపదాకా తీసుకెళ్లింది.

పరీక్షలు దగ్గరపడ్డాయంటే కాలేజీ గేటు ఎదురుగా ఉండే జిరాక్స్‌ షాపుకి పెళ్లికళ వచ్చేస్తుంది. ‘అన్నా, ఈ చాప్టరు నాలుగు సెట్లు’, ‘బ్యాక్‌ టు బ్యాక్‌ కొట్టెయ్‌’, ‘స్పైరల్‌ బైండింగ్‌ సాయంత్రానికి ఇచ్చేస్తావా?’... మిషన్లో వెలుతురు అటూ ఇటూ పరుగెడుతూనే ఉంటుంది. లైబ్రరీలో ఒక్కటంటే ఒక్కటే ఉన్న పుస్తకం పొద్దుగూకేసరికి అరవైమంది సంచుల్లోకి చేరిపోతుంది. ఇందులో తప్పేదో ఉందని ఇచ్చేవాడూ అనుకోడు, పుచ్చుకునేవాడూ అనుకోడు. ఊళ్లోంచి డబ్బు పంపిన నాన్న సరేసరి... కొనాల్సిన పుస్తకానికి బదులు జిరాక్స్‌తో సరిపెట్టాడంటే కొడుక్కి బుద్ధి వచ్చిందని సంతోషిస్తాడు కూడా!

అదిగో, అది తప్పేనంటూ 2012 ఆగస్టులో మూడు పెద్ద ప్రచురణ సంస్థలు కోర్టుకెక్కాయి. ఆక్స్‌ఫర్డ్‌ యూనివర్సిటీ ప్రెస్‌, కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్‌, టేలర్‌ అండ్‌ ఫ్రాన్సిస్‌. ఒక్కోదానికి ఎన్నో ఏళ్ల చరిత్ర, దేశదేశాల్లో వ్యాపారం. మరి అవతలి పక్షం? ఢిల్లీ స్కూల్‌ ఆఫ్‌ ఎకనమిక్స్‌ ఆవరణలో ఉన్న ఓ చిన్న జిరాక్స్‌ షాపు. పేరు రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్‌. దాంతోపాటు, ఆ షాపుకి చోటిచ్చిన ఢిల్లీ విశ్వవిద్యాలయం.

ఆ ఆవరణ మామూలు చోటు కాదు. వి.కె.ఆర్‌.వి.రావు 1949లో పెట్టిన సంస్థ అది. అమర్త్యసేన్‌ పాఠాలు చెప్పింది అక్కడే. మన్మోహన్‌ సింగ్‌ కొన్నాళ్లు ప్రొఫెసర్‌గా పనిచేసిందీ అక్కడే. అలాంటి చోట ఎమ్మేలో చేరిన పిల్లాడికి అధ్యాపకులిచ్చే పఠన జాబితా చాంతాడంత ఉంటుంది. ఈ పుస్తకంలో మూడో అధ్యాయం, ఆ పుస్తకంలో ఇరవై పేజీలు, ఇంకోదాంట్లో ముందుమాట. అన్నీ కొనాలంటే కుదిరే పని కాదు. వాటిలో కొన్ని ఒక్కోటీ వేలల్లో పలికే విదేశీ ముద్రణలు. లైబ్రరీలో ఉన్నా ఒకటో రెండో కాపీలుంటాయి. అందుకని ఏ పేపరుకి కావలసిన పేజీలన్నీ ఆ పేపరు కింద ఒకచోట చేర్చి, జిరాక్స్‌ తీసి, కుట్టి ఇచ్చేవారు. అవే కోర్సు ప్యాకులు. వర్సిటీతో కుదిరిన ఒప్పందం ప్రకారం పేజీకి 40 పైసలు. నెలకు 3000 పేజీలు వర్సిటీకి ఉచితంగా తీసిపెట్టాలి.

ప్రచురణకర్తల మాట వేరు. ‘మా పుస్తకాల్లోంచి ముక్కలు కత్తిరించి కొత్త పుస్తకం తయారుచేసి అమ్ముతున్నారు. అది చదువు కాదు, వ్యాపారం. కాపీలు తీసుకోవాలంటే లైసెన్సు ఉంది. దానికి డబ్బు కట్టండి’ అన్నారు వాళ్లు. 60 లక్షల రూపాయల నష్టపరిహారం అడిగారు. ముందస్తు సమాచారం లేకుండా షాపుకి వెళ్లి అక్కడున్న కాపీల జాబితా రాసుకురమ్మని కోర్టు కమిషనర్‌ని పంపింది. అక్టోబరులో కోర్సు ప్యాకుల అమ్మకాన్ని ఆపేయమంటూ మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చింది. రోజుకూలీ లెక్కన బతికే షాపుకి అది పెద్ద దెబ్బ. విద్యార్థులకు అంతకన్నా పెద్దది.

పిల్లలు ఊరుకోలేదు. సంఘం పెట్టుకుని కేసులో తామూ ఒక పక్షంగా చేరారు. అధ్యాపకులు మరో సంఘంగా వచ్చారు. మేధోహక్కుల చట్టంలో దిట్ట అనిపించుకున్న షంనాద్‌ బషీర్‌ లాంటివాళ్లు వారికి బాసటగా నిలిచారు. (2019లో, చిన్న వయసులోనే ఆయన కన్నుమూశారు.) అన్నిటికన్నా చిత్రమైన సంగతి ఏంటంటే... ఎవరి హక్కు కాపాడటానికి ఈ కేసు వేశామని ప్రచురణకర్తలు చెప్పారో, ఆ రచయితల్లోనే చాలామంది ‘మా పేరు చెప్పి ఈ పని చెయ్యకండి’ అన్నారు. ఆక్స్‌ఫర్డ్‌ ప్రెస్‌కి ఎన్నో పుస్తకాలు రాసిచ్చిన అమర్త్యసేన్‌ తన బాధ వెల్లడిస్తూ లేఖ రాశారు. దేశవిదేశాల్లోని మూడొందలమందికి పైగా అధ్యాపకులు, పరిశోధకులు కేసు వెనక్కి తీసుకోమని సంతకాలు చేశారు.

ఎందుకలా? విశ్వవిద్యాలయాల్లో పనిచేసే పండితుడికి జీతం వస్తుంది. పుస్తకంమీద వచ్చే రాయల్టీ అతడికి తిండిపెట్టదు. పదిమంది చదివితేనే అతడికి పేరు, పదవి. పాఠకుడు పెరిగితే అతడికి లాభమే. నవలలు రాసి బతికేవారి సంగతి ఇలా ఉండదు. ఆ తేడా ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దానితో పనుంది.

చేత్తో రాస్తే ఒప్పు... మిషన్‌తో తీస్తే తప్పా?

మన కాపీరైట్‌ చట్టం 1957లో వచ్చింది. అందులో 52వ సెక్షన్‌ చాలా పెద్దది. ‘ఇవన్నీ చేసినా హక్కును ఉల్లంఘించినట్టు కాదు’ అని వరసగా చెప్పుకుంటూ పోతుంది. సొంత చదువు, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు... వీటికోసం సముచితంగా వాడుకోవచ్చని ఒకచోట ఉంటుంది. అమెరికావాళ్లు ‘ఫెయిర్‌ యూజ్‌’ అనేదాన్ని మనవాళ్లు ‘ఫెయిర్‌ డీలింగ్‌’ అన్నారు. పేరులోనే కాదు, తీరులోనూ తేడా ఉంది. అక్కడ జడ్జి నాలుగు కొలబద్దలు పెట్టి ఏ కేసుకాకేసు తూచి చెబుతాడు. ఇక్కడ ఏయే పనులకు మినహాయింపో చట్టమే చాలావరకు పేరుపేరునా చెప్పేసింది. అలా చెప్పినవాటిలో ఒకటి: గురువుగానీ శిష్యుడుగానీ బోధన క్రమంలో ఏ రచననైనా కాపీ చేసుకోవచ్చు.

కేసంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరిగింది. బోధన క్రమం అంటే ఏది? తరగతి గదిలో బల్లమీద రాసింది మాత్రమేనా? ఇంట్లో కూర్చుని మర్నాటి పాఠానికి ముందుగా చదువుకునేది కూడానా? గురువూ శిష్యుడూ కాని మూడో మనిషి, అదీ డబ్బు తీసుకుని కాపీ తీస్తే ఆ మినహాయింపు అతడికి వర్తిస్తుందా?

2016 సెప్టెంబరు 16న జస్టిస్‌ రాజీవ్‌ సహాయ్‌ ఎండ్లా తీర్పు చెప్పారు. న్యాయశాస్త్ర తీర్పుల్లో సాధారణంగా కనిపించని ఒక జ్ఞాపకం అందులో ఉంది. తాను లా చదివే రోజుల్లో జిరాక్స్‌ ఖరీదైన వ్యవహారమట. విద్యార్థులు వంతులు వేసుకుని లైబ్రరీలో కూర్చుని పుస్తకాల్లోని అధ్యాయాలకు అధ్యాయాలు చేత్తో రాసుకునేవారట. కార్బన్‌ పెట్టి ఇంకో కాపీ తీసుకునేవారట. మరి అప్పుడు తప్పు కానిది, అదే పని మిషన్‌ క్షణంలో చేసిపెడితే తప్పెలా అవుతుంది? ఇప్పటి పిల్లలు సెల్‌ఫోన్‌తో పేజీలు ఫొటో తీసుకుంటే ఎవరు ఆపుతారు? ఇదీ ఆయన తర్కం. కాపీరైట్‌ అనేది దైవదత్తమైన హక్కేమీ కాదనీ, సమాజంలో విద్య పెరగడానికి చట్టం కల్పించిన ఏర్పాటనీ చెబుతూ దావా కొట్టేశారు.

ఆ మాటలో చారిత్రక సత్యం ఉంది. లోకంలో మొట్టమొదటి కాపీరైట్‌ చట్టంగా చెప్పుకునేది ఇంగ్లండులో 1710లో అమల్లోకి వచ్చింది. విద్యను ప్రోత్సహించడం కోసం అని దాని పేరులోనే ఉంది! కొత్త పుస్తకానికి అప్పట్లో ఇచ్చిన రక్షణ 14 ఏళ్లు. రచయిత బతికి ఉంటే మరో 14.

ప్రచురణకర్తలు అప్పీలుకెళ్లారు. 2016 డిసెంబరు 9న ఇద్దరు జడ్జీల ధర్మాసనం కూడా దాదాపు అదే మాట చెప్పింది. బోధన అంటే తరగతి గది నాలుగు గోడలే కాదంది. షాపువాడు కాపీ తీసినా అది గురుశిష్యుల అవసరం కోసమే కదా అంది. ఎన్ని పేజీలు అనేదాంతో కాదు, పాఠానికి అవసరమా కాదా అన్నదాంతో కొలవాలంది. చదువుకున్నవాళ్లు పెరిగితే రేపు పుస్తకాలు కొనేవాళ్లూ పెరుగుతారని ఒక చురక కూడా వేసింది. అయితే ప్యాకుల్లో చేర్చిన పేజీలన్నీ నిజంగా పాఠానికి అవసరమైనవేనా అన్న సంగతి విచారణలో తేల్చమని కేసును వెనక్కి పంపింది. ఆ విచారణ జరగలేదు. 2017 మార్చిలో మూడు సంస్థలూ దావా ఉపసంహరించుకున్నాయి. లైసెన్సులిచ్చే సంస్థ ఒకటి పట్టువదలకుండా సుప్రీంకోర్టు తలుపు తట్టింది. మే నెలలో అక్కడా చుక్కెదురైంది.

ఇదే కథ అమెరికాలో జరిగితే? జరిగింది కూడా! అక్కడ కింకోస్‌ అనే కాపీ షాపుల గొలుసు ఇలాగే ప్యాకులు కుట్టి అమ్మితే 1991లో న్యూయార్క్‌ కోర్టు అయిదు లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టించింది. మిషిగన్‌ యూనివర్సిటీ పక్కనున్న ఇంకో షాపు 1996లో ఓడిపోయింది. అదే మిషన్‌, అదే కాగితం, అదే అవసరం. అమెరికాకి ఎమ్మెస్‌కి వెళ్లిన మన పిల్లలు అక్కడి పుస్తకాల ధరలు చూసి ఇండియా నుంచి చవక ఎడిషన్లు సూట్‌కేసులో మోసుకెళ్లింది ఊరికే కాదు.

గైడు సంగతేంటి మరి?

తెలుగునాట చదువుకున్నవాడెవడైనా జీవితంలో ఒక్కసారైనా గైడు పట్టుకోకుండా పరీక్ష గట్టెక్కి ఉండడు. దానిమీదా ఢిల్లీ హైకోర్టు 2008లో ఒక తీర్పు చెప్పింది. పదకొండో తరగతి లెక్కల పుస్తకంలోని అభ్యాసాలకు జవాబులు ముద్రించిన గైడు తమ హక్కును కొల్లగొట్టిందన్నది ఆక్స్‌ఫర్డ్‌వారి ఫిర్యాదు. లెక్క ఎవరి సొత్తూ కాదు, పాఠ్యపుస్తకంలో లేని సాధన పద్ధతిని గైడు అంచెలంచెలుగా చూపిస్తోంది కనుక అది వేరే పని అని కోర్టు తేల్చింది. గైడు మంచిదా చెడ్డదా అన్నది మాత్రం కోర్టు పని కాదు. అది ఇంట్లో అమ్మానాన్నలు తేల్చుకోవాల్సిన విషయం.

పెళ్లివారికీ ఈ 52వ సెక్షన్‌లో ఒక వరం ఉంది. మతపరమైన వేడుకల్లో పాట పెట్టుకుంటే ఉల్లంఘన కాదనీ, పెళ్లి ఊరేగింపూ పెళ్లికి సంబంధించిన ఇతర సంబరాలూ అందులోకే వస్తాయనీ చట్టం చెబుతోంది. బారాత్‌లో బ్యాండువాళ్లు వాయించే పాటకు ఎవరైనా రసీదు పుస్తకంతో వస్తే ఈ సంగతి గుర్తుచేయొచ్చు. టికెట్టు పెట్టి చేసే కచేరీ కథ వేరు. 2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికా పర్యటనలో ఉండగా, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దంటూ ఇళయరాజా తరఫున లీగల్‌ నోటీసు వెళ్లింది. అలాంటి అనుమతి కావాలని తనకు తెలియదంటూ బాలు ఆ పాటలు పక్కనపెట్టేశారు. తెలుగిళ్లలో ఆ వారమంతా అదే చర్చ. పాడినవాడిదా పాట, కట్టినవాడిదా అని. అంతకు ముందే, 2012లో, రాజ్యసభ సభ్యుడిగా జావేద్‌ అఖ్తర్‌ గట్టిగా పోరాడిన చట్టసవరణ పాటల రచయితలకూ సంగీత దర్శకులకూ రాయల్టీలో విడదీయలేని వాటా కల్పించింది. అంతవరకూ ఒక్కసారి చేతిలో పడ్డ పారితోషికంతోనే వాళ్లలో చాలామంది ఖాతా మూసేసుకున్నారు. ఆ న్యాయం వైపు నుంచి చూస్తే ఇళయరాజా అడిగిందాన్ని తీసిపారేయలేం. 2019లో ఇద్దరూ మళ్లీ ఒకే వేదికమీద కనిపించారు. అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు.

వాట్సప్‌లో వచ్చిన నవల

ఇప్పుడు ఆ తేడా దగ్గరికి వద్దాం. జిరాక్స్‌ షాపు గెలిచింది కదా అని, ఏ పుస్తకాన్నయినా ఎలాగైనా కాపీ చేసుకోవచ్చని ఎవరైనా అనుకుంటే అది శుద్ధ తప్పు. ఢిల్లీ తీర్పు పాఠం చెప్పే గురువుకీ చదువుకునే శిష్యుడికీ వర్తిస్తుంది. మొన్ననే విడుదలైన తెలుగు నవలను పీడీఎఫ్‌ చేసి నూటయాభైమంది ఉన్న గ్రూపులో పెట్టే పెద్దమనిషికి వర్తించదు.

తెలుగు రచయిత ఆర్థికశాస్త్రం ఏ ప్రొఫెసరూ చెప్పనంత సులభం. అయిదొందలో వెయ్యో కాపీలు, చాలాసార్లు తన సొంత డబ్బుతోనే అచ్చేయిస్తాడు. వంద కాపీలు బంధువులకూ మిత్రులకూ ఉచితం. కొన్ని సమీక్షకు. మిగిలినవి అమ్మితే దుకాణదారు కమిషన్‌ పోగా వచ్చేది ప్రెస్సువాడి బాకీ తీరడానికి సరిపోతే అదే పండగ. ఇలాంటి పుస్తకం స్కాన్‌ చేసి పంచినవాడు దొంగలా కనిపించడు. ‘సాహిత్య సేవ’ చేస్తున్నానంటాడు. అందుకున్నవాళ్లు దండం బొమ్మలు పెడతారు. చదివేది అందులో ఎంతమందో దేవుడికెరుక. రెండొందల రూపాయల పుస్తకం కొనడానికి మనసొప్పదు గానీ, అది చదవడానికి వాడే ఫోను మాత్రం పాతిక వేలది!

నేరం రుజువైతే ఆర్నెల్ల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా అని చట్టంలో ఉంది. ఏ తెలుగు రచయిత పోలీస్‌స్టేషన్‌ మెట్లెక్కుతాడు గనక? పాత పుస్తకాల మొదటి పేజీలో ‘సర్వస్వామ్య సంకలితము’ అని ఉండేది. తర్వాత ‘సర్వహక్కులూ రచయితవి’ అయింది. అక్షరాలు మారాయి, వాటిని చదివేవాళ్లు మాత్రం అప్పుడూ తక్కువే.

ఆదివారం అబిడ్స్‌ ఫుట్‌పాత్‌మీద పాత పుస్తకాలు కొనడానికి మాత్రం ఎవరూ మొహమాటపడక్కర్లేదు. ఒకసారి అమ్ముడైన కాపీని ఎన్నిసార్లు చేతులు మార్చినా తప్పు లేదు. ఆ పక్కనే, ప్లాస్టిక్‌ కవర్లో మెరిసిపోతూ సగం ధరకు దొరికే కొత్త ఇంగ్లిషు నవలలు వేరు. వాటి అచ్చు మసకగా ఉండటంలోనే అసలు గుట్టు ఉంది.

ఇంకో చిక్కు ఏంటంటే, అసలు కొందామన్నా దొరకని తెలుగు పుస్తకాలు బోలెడు. అచ్చులో లేవు, రచయిత లేడు, వారసులెక్కడున్నారో తెలియదు. బజార్లో దొరకని పుస్తకానికి లైబ్రరీ తన కోసం మూడు కాపీలకు మించకుండా చేసుకోవచ్చని చట్టం దారి చూపింది. అంతకన్నా పెద్ద పని తలపెట్టినవాడు మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి. కంప్యూటర్‌ శాస్త్రంలో నోబెల్‌ అనదగ్గ ట్యూరింగ్‌ అవార్డును 1994లో అందుకున్న ఈయన, అమెరికాలోని కార్నెగీ మెలన్‌ నుంచి పది లక్షల పుస్తకాల స్కానింగ్‌ ప్రాజెక్టు నడిపించారు. 2007 నాటికి లక్ష్యం దాటేశారు. అందులో తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. పేజీలు వంకరగా వచ్చినవీ, పేర్లు తప్పుగా పడ్డవీ లేకపోలేదు. అయినా ఏ పల్లెలోనో కూర్చుని ఎనభై ఏళ్లనాటి శతకం వెతికి పట్టుకున్నవాడికి ఆ వంకరలు కనిపించవు.

పరిశోధన పత్రికల దగ్గర ప్రభుత్వం వేరే దారి ఎంచుకుంది. ‘ఒకే దేశం, ఒకే చందా’ పేరిట మూడేళ్లకు 6000 కోట్ల రూపాయలు కేటాయిస్తూ 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదువుకునేవాళ్లకు అందుబాటులోకి వచ్చాయి. జిరాక్స్‌ షాపు కేసులో ప్రచురణకర్తలు పిల్లల దగ్గర అడిగిన డబ్బు, ఒక రకంగా చూస్తే ఇప్పుడు ఖజానా నుంచి వాళ్లకే వెళ్తోంది. ప్రైవేటు కాలేజీ పిల్లలు ఈ లెక్కలో లేరు.

ఇక గడువు. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు వారసులది. అంతకుముందు 50 ఏళ్లే ఉండేది. 1941లో కన్నుమూసిన టాగోర్‌ రచనలపై విశ్వభారతికి ఉన్న హక్కు 1991తో ముగిసిపోతుందనగా, ఆఖరి నిమిషంలో ఆర్డినెన్సు తెచ్చి మరో పదేళ్లు పొడిగించారు. ఒక్క కవి కోసం దేశం మొత్తానికి గడువు మారిపోయింది. గాంధీజీ రచనలకూ అలాంటి పొడిగింపు అడగొచ్చని కొందరన్నా నవజీవన్‌ ట్రస్టు అడగలేదు. 2009 జనవరి 1న అవి అందరివీ అయ్యాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో కన్నుమూశారు కాబట్టి ‘మాలపల్లి’ని 2019 నుంచి ఎవరైనా ముద్రించుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. జాషువా కావ్యాలకు 2032 జనవరి దాకా ఆగాలి. విశ్వనాథకు 2037. చలానికి 2040. శ్రీశ్రీకి 2044.